మూడో వంతుకి సున్నా

కలిసే ఇంట్లో కొత్త కంప్యూటరు పెట్టిన మర్నాడు పొద్దున్న కంగారక్క అందరికంటే ముందొచ్చింది. తలుపు తాళం తీసి, లోపలికి వెళ్లి, తాళంచెవి తలుపుకే వదిలేశానేమోనని మళ్లీ బయటికొచ్చింది. తాళంచెవి చేతిలోనే ఉంది. మనసు కుదురుగా లేని రోజున ఆమె ప్రతి పనీ రెండుసార్లు చేస్తుంది.

కలిసే ఇల్లంటే విడిపోయినవాళ్లు తమ పిల్లల్ని చూసుకోవడానికి వచ్చే చోటు. బిడ్డ తల్లి దగ్గరుంటే తండ్రి వస్తాడు, తండ్రి దగ్గరుంటే తల్లి వస్తుంది, ఇద్దరికీ పట్టకపోతే తాతో మామ్మో వస్తారు. ఎవరికెంతసేపో కోర్టు గంటల్లో చెప్పదు, వంతుల్లో చెబుతుంది. ఒకరికి పూటంతా, ఒకరికి సగం, ఒకరికి మూడో వంతు. పూటంటే నాలుగు గంటలు. ఎవరి వంతుకి ఎంతసేపు వస్తుందో కంప్యూటరు లెక్కగట్టి ఇస్తే, ఆ కాగితం గేటు దగ్గరికి వెళుతుంది. గేటు మామయ్య అది చూసి మనిషిని లోపలికి వదులుతాడు. మనుషుల్ని కలపడం కష్టం, విడదీయడం తేలిక. విడదీసినవాళ్లని కాసేపు మళ్లీ కలపడం మాత్రం కత్తిమీద సాము. అందుకే ఆ ఇంట్లో నిలబడితే ఒక రూలు, కూర్చుంటే ఒక రూలు.

ఆ రూళ్లలో ఒకటి కంగారక్క ప్రాణం తీసేది. పనిచేసేవాళ్ల చుట్టాలెవరైనా ఆ కాగితంలో ఉంటే, ఆ పేరున్న వరసని వాళ్లు చూడకూడదు, ముట్టుకోకూడదు. దానికి స్కేలు అడ్డం పెట్టి, సూపరింటెండెంటు చేత సంతకం చేయించి గేటుకి పంపాలి. కంగారక్క తమ్ముడి వరస ఆ కాగితంలో ఉంది. వాడి కాపురం చెదిరినప్పటినుంచీ ఉంది. అప్పటినుంచీ ఆమె స్కేలు పెడుతూనే ఉంది.

తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు. వాడి కూతుర్ని అందరూ బుడంకాయ అంటారు. పిల్ల తల్లి దగ్గరుంటుంది, తండ్రికి మూడో వంతు. ఇప్పుడు మరదలికి బదిలీ అయింది, దూరాభారం. సామానంతా నిన్ననే పోయింది, తల్లీకూతుళ్లు ఇవాళ మధ్యాహ్నం బస్సుకి వెళతారు. ఇక మీదట వాడు పిల్లని చూడాలంటే సెలవులు రావాలి. ఆ సెలవుల వంతు కోర్టు దగ్గర నిలవాలంటే, ఇక్కడి వంతుకి వాడు మానకుండా వచ్చినట్టు కాగితం ఉండాలి. ఇవాళ పూట ముగిసేసరికి వాడి పేరు పక్కన ‘రాలేదు’ అని పడిందో, అంతే సంగతులు.

అలాంటి రోజునే కొత్త కంప్యూటరు రావాలా! గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే అనుకుంది కంగారక్క.

పాత కంప్యూటరు ముసలిదై, మూలిగి మూలిగి కన్నుమూసింది. లోపలి డేటా మాత్రం భద్రంగా కొత్తదానిలోకి చేరింది. గంటల్నీ నిమిషాల్నీ విడివిడిగా, అందంగా అచ్చేసే ప్రోగ్రాము ఇంకా పెట్టలేదు, ఆ మనిషి వచ్చే వారం వస్తానన్నాడు. అంతవరకూ నల్ల తెర తెరిచి, ఆజ్ఞలు ఒక్కొక్కటే టైపు చేసి, డేటాబేసుని అడిగి, వచ్చిన జవాబుని అలాగే అచ్చేయాలి. ఆ నల్ల తెర పని కంగారక్కకి వచ్చు. ఎవరూ నేర్పలేదు. పుస్తకం ముందేసుకుని, అర్థంకానిచోట పదిసార్లు చదువుకుని నేర్చుకుంది.

నిన్న సాయంత్రం మొదటిసారి నల్ల తెర తెరిచినప్పుడు పైన ఒక హెచ్చరిక పడింది. ఈ డేటాబేసు మాట్లాడేది ఒకటో డయలెక్టు, అంటే ఒకటో రకం యాస, నువ్వు పెట్టుకున్నది మూడో డయలెక్టు, అని. కంగారక్క పరుగున వెళ్లి సూపరింటెండెంటుకి చెప్పింది.

“పేర్లన్నీ వచ్చాయా?” అంది సూపరింటెండెంటు ఫైలు మీంచి తలెత్తకుండా.

“వచ్చాయి మేడమ్.”

“తేదీలు?”

“సరిగ్గానే ఉన్నాయి. కానీ అదేదో డయలెక్టు అంటోంది…”

“ఏదో అంటుందిలే. ప్రతి హెచ్చరికకీ ఆగితే రోడ్డు కూడా దాటలేం. నువ్వు కంగారు పడి, నన్ను కంగారు పెట్టకు తల్లీ.”

అలా పుట్టెడు అనుమానం పొట్టలో పెట్టుకుని ఇంటికి వెళ్లిన మనిషి పొద్దున్నే వచ్చి అచ్చు తీసింది. పొద్దుటి కాగితంలో పైన ఉన్నవన్నీ పూటంతా వంతున్న పేర్లే. వాటికి ఎదురుగా నాలుగు, నాలుగు, నాలుగు. హమ్మయ్య అనుకుంది. ఆ కింద తమ్ముడి పేరు తగలగానే, నిప్పు మీద నీళ్లు పోసినంత ఆత్రంగా స్కేలు అడ్డం పెట్టేసింది. దాని కిందున్న ఒకటి రెండు వరసలు కూడా స్కేలు మరుగున పడ్డాయి. చూసినవాళ్లు చూడలేదని ఎలా రుజువు చేస్తారు? అసలు ఆ వైపుకే చూడకపోతే సరి. ఆమె జాగ్రత్త అలాంటిది. సూపరింటెండెంటు చెవి దగ్గర ఫోను పెట్టుకునే సంతకం గీకింది. కాగితం గేటుకి పోయింది.

కాసేపటికి మరదలు పిల్లని తీసుకొచ్చింది. ఆడుకునే గది కిటికీలోంచి బుడంకాయ, “అత్తా!” అని అరిచి చెయ్యి ఊపింది. కంగారక్క చెయ్యి ఊపింది గానీ దగ్గరికి వెళ్లలేదు. అదీ రూలే.

“వదినా,” అంది మరదలు వరండాలోంచి. విడాకులైనా ఆ పిలుపు మారలేదు. “నేను వెళ్లి ఇంటి తాళాలు ఇచ్చేసి వస్తాను. దాని సంచీలో స్వెట్టరుంది, ఏసీ ఎక్కువైతే వేయమను.”

“అలాగేనమ్మా. బస్సు ఎన్నింటికి? టిక్కెట్లున్నాయా? పిల్లకి బస్సులో వాంతులు కదా, మాత్రలు…”

“అన్నీ ఉన్నాయి వదినా,” అని మరదలు తాళాల గుత్తి చేతిలో పట్టుకుని వెళ్లిపోయింది.

కంగారక్క కుర్చీలో కూర్చుంది, లేచింది. కిటికీ దగ్గరికి వెళ్లింది, వచ్చింది. కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. తమ్ముడు ఈపాటికి లోపలికి రావాలి. పిల్ల గదిలో ఒక్కతే బొమ్మల డబ్బా మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. తన వంశం పోలికే, పాపం.

అంతలో గేటు దగ్గర ఒక గొంతు లేచింది.

“సున్నానా? నాకు సున్నానా? నువ్వెవడివయ్యా నాకు సున్నా వేయడానికి!”

సగం మామ్మ! మనవడి కోసం వారం వారం వచ్చే పెద్దావిడ. కోర్టు సగం వంతు ఇచ్చింది కాబట్టి ఆ పేరు. గొడుగు కత్తిలా పట్టుకుని గేటు మామయ్య మీదికి వెళుతోంది. కంగారక్క పరుగెత్తింది.

“నేను వేయలేదు మామ్మా, కాగితం వేసింది,” అంటున్నాడు గేటు మామయ్య. “నాకు కాగితమే తల్లీ తండ్రీ. అందులో నాలుగుంటే నాలుగు, సున్నా ఉంటే సున్నా. ఇందాక ఆ లిఫ్టు మేస్త్రీని కూడా వెనక్కి పంపేశాను. నేనేమన్నా పక్షపాతం చూపించానా?”

కంగారక్క గేటు ఊచ పట్టుకుంది. “ఎవర్ని? మా తమ్ముడినా? వెనక్కి పంపేశావా?”

“సున్నా ఉందమ్మా ఆయనకి. నువ్వే కదా పంపింది కాగితం! ‘మా అక్క పంపిన కాగితంలోనే సున్నా ఉందా’ అని రెండుసార్లు అడిగాడు. ఉందన్నాను. ఇంకేం మాట్లాడకుండా వెళ్లిపోయాడు.”

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఈ పూజారి చేతికి ఆ సున్నా అందించింది ఎవరు? తనే! స్కేలు అడ్డంపెట్టి మరీ అందించింది. తమ్ముడికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేస్తే అసలు మోగనే లేదు.

“ఏమే, నా సంగతి తేలుస్తావా లేదా?” అని సగం మామ్మ గొడుగుతో నేలమీద కొట్టింది. “పోయినవారం రెండు గంటలు కూర్చున్నాను. ఈ వారం నా మనవడు నాకేమీ కాకుండా పోయాడా?”

ఆ మాటతో కంగారక్క బుర్రలో ఏదో కదిలింది. పూటంతా ఉన్నవాళ్లకి నాలుగు సరిగ్గా వచ్చింది. సగం ఉన్న మామ్మకి సున్నా. మూడో వంతు ఉన్న తమ్ముడికి సున్నా. మొత్తం ఉన్నవాళ్లు నిలబడ్డారు, ముక్క ఉన్నవాళ్లందరూ తుడిచిపెట్టుకుపోయారు.

ఆమె తన గదికి పరుగెత్తి నల్ల తెర ముందు కూర్చుంది. సూపరింటెండెంటు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“ఏం చేస్తున్నావ్?”

“లెక్క తప్పొస్తోంది మేడమ్.”

“ఎవరి లెక్క? మీ తమ్ముడిది సున్నా వచ్చిందని గేటు దగ్గర విన్నాను. దానికోసమే కూర్చున్నావా? రూలు తెలుసు కదా! నువ్వు ఆ వరస ముట్టుకున్నావని రేపెవరైనా కోర్టులో అంటే నీ ఉద్యోగం పోతుంది, నా పరువు పోతుంది.”

ఉద్యోగమంటే కంగారక్కకి భయమే. కానీ ఇవాళ దానికన్నా వేరే భయం పెద్దదిగా ఉంది. “మా తమ్ముడి వరస నేను ముట్టుకోను. చూడను కూడా చూడను. మామ్మ వరస చూపిస్తాను, మీరు నా పక్కనే కూర్చోండి.”

సూపరింటెండెంటు కుర్చీ లాక్కుంది. కంగారక్క ఎవరి పేరూ లేకుండా, చిన్నపిల్లల లెక్కలాగా, ఒకటిని రెండుతో భాగించమని అడిగింది. నల్ల తెర తడుముకోకుండా జవాబిచ్చింది. సున్నా.

“ఒకటిలో సగం సున్నా ఎలా అవుతుంది?” అంది సూపరింటెండెంటు.

“దాని భాషలో అంతే మేడమ్. నిన్న హెచ్చరిక వచ్చింది చూశారా, డయలెక్టు అని? మూడో డయలెక్టులో పూర్తి అంకెని పూర్తి అంకెతో భాగిస్తే జవాబు కూడా పూర్తి అంకే రావాలి. ముక్కలు మిగిల్తే పారేస్తుంది. ఒకటిలో రెండు ఎన్నిసార్లు పోతుంది? పోదు. కాబట్టి సున్నా. మనం ముందు వంతు తేల్చి, తర్వాత గంటలతో గుణిస్తాం. సున్నాని నాలుగుతో గుణిస్తే వచ్చేదీ సున్నాయే. మన డేటాబేసు పాతకాలంది, అది మాట్లాడేది ఒకటో డయలెక్టు. అందులో ముక్కకి కూడా విలువుంది.”

“మరి పాత కంప్యూటర్లో ఎందుకు రాలేదీ బాధ?”

కంగారక్క నాలుక్కరుచుకుంది. “అందులో నల్ల తెర తెరుచుకునేటప్పుడే ఒకటో డయలెక్టు పెట్టమని ఒక చిన్న తోక ఉండేది ఆజ్ఞకి. డేటా అంతా తెచ్చాను గానీ ఆ తోక తేలేదు.”

“ఏనుగుని తెచ్చి తోక మర్చిపోయావన్నమాట,” అంది సూపరింటెండెంటు. తర్వాత గొంతు తగ్గించి, “నువ్వు నిన్ననే చెప్పావులే. పెట్టు.”

కంగారక్క డయలెక్టు ఒకటి పెట్టమని టైపు చేసింది. కంగారులో అక్షరం తప్పుపడి తెర తిట్టింది. మళ్లీ కొట్టింది. ఈసారి తిట్టలేదు. ఒకటిని రెండుతో భాగించమంది. సున్నా, చుక్క, అయిదు. తర్వాత మామ్మ వరస అడిగింది. రెండు.

“కాగితం తీయి. మీ తమ్ముడి వరస నేను చూస్తాను,” అని సూపరింటెండెంటు అచ్చయిన కాగితం లాక్కుని, కళ్లజోడు పైకి తోసి చూసింది. ఏం చూసిందో చెప్పలేదు. సంతకం పెట్టి, “నువ్వెళ్లి వాణ్ణి పట్టుకురా,” అంది. “పిల్ల ఇందాకట్నుంచీ తలుపు వంక చూస్తోంది.”

తెచ్చుకోవాల్సిందేదో మర్చిపోయానేమోనని కంగారక్క వెనక్కి తిరిగి చూడలేదు. చెప్పుల్లో కాళ్లు పెట్టి వీధిలో పడింది.

బస్టాపు మందుల షాపు పక్కన ఉంది. బస్సులు వస్తున్నాయి, జనం ఎక్కుతున్నారు, వెళుతున్నారు. ఆ షెడ్డు కిందకి పోవడం ఆమెకి ఎప్పుడూ ఇష్టముండదు. ఎంతమందిని ఎక్కించిందో ఇలాంటి బస్సులు! వెళ్లేవాడు చెయ్యూపుతాడు, బస్సు మలుపు తిరుగుతుంది, చెయ్యి ఊపేవాళ్లు మాత్రం ఊపుతూనే ఉంటారు.

తమ్ముడు ఎక్కలేదు. బెంచీ చివర కూర్చుని, పనిముట్ల సంచీ కాళ్ల మధ్య పెట్టుకుని నేల చూస్తున్నాడు.

“లే,” అంది కంగారక్క, ఊపిరాడక. “లే, పద.”

“ఎక్కడికి?”

“పిల్ల దగ్గరికి! నీ వంతు ఉంది. కంప్యూటరు తప్పు చేసింది.”

వాడు తలెత్తాడు. “ఇన్నాళ్లూ చేయని తప్పు ఇవాళే చేసిందా? ఆవిడేదో చెప్పించుంటుంది కోర్టులో. ఊరొదిలి పోతోంది కదా, సున్నా చేయించుకునుంటుంది. నువ్వు నాతో చెప్పలేక కాగితం పంపావు.”

“నేనా? నేను నీ వరస చూడలేదురా! స్కేలు పెట్టాను!”

“అదేనక్కా నా బాధ. నా వరస ఒక్కసారైనా చూసుంటే, సున్నా ఉన్నట్టు నీకే తెలిసేది కదా. లోకంలో అందరి వరసలూ చూస్తావు, నాదొక్కటే మూసేస్తావు.”

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. రూలు చెప్పే టైము కాదది. ఆమె వంగి వాడి పనిముట్ల సంచీ ఎత్తింది. అది గుండులా బరువుగా ఉంది. రెండు అడుగులు వేసేసరికి ఒక పక్కకి ఒరిగిపోయింది.

“నడుం విరుగుతుందే,” అన్నాడు వాడు.

“విరగనీ. మధ్యాహ్నం బస్సుకి పిల్ల వెళ్లిపోతుంది. నువ్విక్కడ కూర్చుని నామీద అలగడానికి సెలవుల్దాకా టైముంది. కావాలంటే అప్పటిదాకా అలుగు. ఇప్పుడు మాత్రం నడువు.”

వాడు లేచి సంచీ అందుకున్నాడు. ఆమె ముందు, వాడు వెనక. తర్వాత వాడు ముందు, ఆమె వెనక.

మరదలు అప్పటికే తిరిగొచ్చి గేటు లోపలి బల్లమీద కూర్చునుంది. వీళ్లని చూసి లేచింది, మళ్లీ కూర్చుంది. గేటు మామయ్య కొత్త కాగితం విప్పి, వేలు పెట్టి, గట్టిగా చదివాడు.

“ఒకటి, చుక్క, మూడు, మూడు, మూడు, మూడు… ఇదేంటమ్మా, మూళ్లతో వరస నింపేసింది! ఇవెక్కడ ఆగుతాయి?”

“ఆగవు,” అంది కంగారక్క. “మూడో వంతంటే అంతే. అచ్చు ప్రోగ్రాము లేదు కదా, దాన్ని నిమిషాలు చేసి చూపించడానికి.”

“ఆగనిదానికి నేను గేటెలా వేస్తాను?” అన్నాడు గేటు మామయ్య. తమ్ముడి వంక చూడకుండా, గేటు తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు. “నాకు కాగితమే తల్లీ తండ్రీ. ఈ మూళ్లు అయ్యేదాకా కూర్చోవయ్యా.”

మూడో వంతంటే గంటా ఇరవై నిమిషాలని ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు గేటు మామయ్యే. వారం వారం గడియారం చూసి లేపింది ఆయనే. కంగారక్క నోరు తెరవబోయి మరదలి వంక చూసింది. మరదలు కాగితం వంక చూసింది, గోడ గడియారం వంక చూసింది. ఒడిలో ఉన్న సంచీ తీసి పక్కన పెట్టుకుంది.

ఆడుకునే గది తలుపు తెరుచుకుంది. “నాన్నా, లేటు!” అన్న కేక వీధిదాకా వినిపించింది.

కంగారక్క తన గదికి వెళ్లి, నల్ల తెర తెరుచుకునే ఆజ్ఞకి ఆ చిన్న తోక తగిలించింది. మూసి, తెరిచింది. హెచ్చరిక రాలేదు. మళ్లీ మూసి, తెరిచింది. రాలేదు. అయినా నమ్మకం కుదరక సగానికీ, మూడో వంతుకీ, పావుకీ లెక్కలు అడిగింది. అన్నిటికీ జవాబులొచ్చాయి. సగం మామ్మ మనవడికి కథ చెబుతున్న గొంతు గోడ అవతలినుంచి వస్తోంది. తమ్ముడి గదిలోంచి ఏమీ వినిపించడం లేదు. ఏం చేస్తున్నారో! మాట్లాడుకోకుండా కూర్చున్నారా? పిల్ల ఏడుస్తోందా? వెళ్లి చూడకూడదు. రెండుసార్లు లేచి గుమ్మం దాకా వెళ్లి వచ్చింది.

గంటా ఇరవై నిమిషాలకి, పిలవకుండానే, తమ్ముడు తలుపు తీసుకుని బయటికొచ్చాడు. పిల్లకి బూట్లు తొడిగేసి ఉన్నాయి, స్వెట్టరు గుండీలు పెట్టేసి ఉన్నాయి.

“ఏమయ్యా, మూళ్లు ఇంకా అవలేదు కదా!” అన్నాడు గేటు మామయ్య.

“నాది ఎంతో నాకు తెలుసు మామయ్యా,” అన్నాడు వాడు. గుమ్మంలో నిలబడ్డ అక్క వంక చూశాడు. “రేపెవరైనా ఎక్కువ కూర్చోబెట్టారంటే మా అక్క ఉద్యోగానికి మాటొస్తుంది. అసలే దానికి నిద్రపట్టదు.”

పిల్ల చెయ్యి తల్లి వైపు అందించాడు. మరదలు ఆ చెయ్యి పట్టుకోలేదు. బల్ల మీద ఉన్న రెండు సంచుల్లో పెద్దదాన్ని ఎత్తి వాడి ముందు పెట్టింది.

“ఇది బరువుంది,” అంది. “బస్సు దాకా ఎవరో ఒకరు మోయాలి. గేటు దాటాక వంతులేమీ ఉండవు కదా, మామయ్యా?”

“గేటు దాటితే నాకేం సంబంధం? నా కాగితం గేటు దాకానే,” అన్నాడు గేటు మామయ్య.

తమ్ముడు ఒక భుజాన పనిముట్ల సంచీ, ఇంకో భుజాన మరదలి సంచీ వేసుకున్నాడు. బుడంకాయ గేటు దాటి రెండడుగులు నడిచి, తిరిగి పరుగెత్తుకొచ్చి, గేటు గీతకి బయటే నిలబడి, “అత్తా, ఇక్కడికి రా!” అంది. కంగారక్క గీత దాటి వెళ్లి, వంగి, ఆ పిల్ల తలని పొట్టకి అదుముకుంది. మాత్రలు, మంచినీళ్లు, కిటికీ పక్క సీటు, దిగగానే ఫోను, చెప్పాల్సినవన్నీ ఒక్కసారే నోటికొచ్చి, ఒక్కటీ బయటికి రాలేదు.

వాళ్లు ముగ్గురూ మందుల షాపు వైపు నడిచారు. మరదలు ఏదో అడిగింది, తమ్ముడు తల ఊపాడు. పిల్ల ఇద్దరి మధ్యలో లేదు. ముందు పరుగెడుతూ, వెనక్కి తిరిగి వాళ్లు వస్తున్నారో లేదో చూసుకుంటోంది.

“ఏమ్మా,” అన్నారెవరో వెనకనుంచి. మధ్యాహ్నం పూట వాళ్లు అప్పుడే వరసకట్టారు. ఒక తండ్రి కాగితం చూపించమని చెయ్యి చాపుతున్నాడు. “నాది పావు వంతండి. కొత్త కంప్యూటరట కదా. ఎంతొచ్చిందో కాస్త చూసి చెబుతారా?”

“చూస్తాను, రండి,” అంది కంగారక్క. వీధి మలుపు వైపు ఇంకొక్కసారి చూసి లోపలికి నడిచింది.